గులకరాయిలో ఎవరున్నారు?

గుల్లా గుల్లా గులకరాయీ,
మీ ఇల్లెక్కడే గులకరాయీ?
నీళ్లకవతల నిమ్మతోట,
నిమ్మతోటలో...

నిమ్మతోటలో ఏముందో నాంచారమ్మకు గుర్తులేదు. అచ్చనగాయలాడుతూ తల్లి పాడిన పాట అది. మొదటి మూడు చరణాలూ తీరం పొడుగునా ఆడపిల్లలందరికీ వచ్చు. నాలుగోది మాత్రం ఏ పాలెం వాళ్లు ఆ పాలెం వాళ్ల ఇష్టానికి కట్టుకుంటారు. నాంచారమ్మ ఇంట్లో నాలుగో చరణం తల్లి సీతారావమ్మ సొంతం. ఉప్పెన వచ్చిన ఏటినుంచీ ఆ తల్లి ఆ పాట ఎత్తలేదు. ఎత్తమని అడిగే గుండె ఎవరికీ లేకపోయింది. అలా పాట సగంలో తెగి, నాంచారమ్మ నోట్లో మిగిలిపోయింది. మనవలెత్తిన వయసులో కూడా వల బాగుచేసుకుంటూ ఆ మూడు చరణాలూ పాడుకుని, నాలుగో దగ్గర గొంతులో ముల్లు అడ్డంపడ్డట్టు ఆగిపోయేది.

కృష్ణ సముద్రంలో కలిసేచోట కొత్తమొగ అనే పల్లెకారుల ఊరు వాళ్లది. ఆ ఊళ్లో వింధ్యావళి గారని ఒక పెద్దావిడ ఉండేది. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి, ఉద్యోగం అయిపోయాక, గుల్లల మీద మోజుతో వచ్చి అక్కడే ఉండిపోయింది. మధ్యాహ్నం మగవాళ్లు కునుకు తీసే వేళ వలల సావిట్లో చాప పరిచి ఆడవాళ్లకు అక్షరాలు నేర్పేది. ఆవిడ బళ్లో అకారానికి అమ్మ, ఆకారానికి ఆవు లేవు. ఒక అలమర నిండా గుల్లలుండేవి. ఏ అరలో ఏ జాతి ఉందో చీటీ మీద రాసి అంటించడమే వాళ్ల చదువు. నాంచారమ్మ జన్మలో మొదట చదివిన మాట తన పేరు కాదు, ‘నత్త’. చదివి, అలమర వంక చూసి, ‘ఇన్నాళ్లూ నువ్వు నన్ను పిలుస్తూనే ఉన్నావా, నాకే వినపడలేదా!’ అని నత్తతో అందట. ఆ రోజు సావిట్లో అందరూ నవ్వారు గాని, పంతులమ్మ నవ్వలేదు.

ఆ పంతులమ్మకు ఒక అలవాటు. ఎవరేం అడిగినా తిన్నగా జవాబు చెప్పదు. ఏదో ఒకటి తెచ్చి చాప మీద పెట్టి, ‘తీసి చూడండి’ అంటుంది. ఒకసారి గంగాభవాని అనే ఆవిడ అక్షరాలు దిద్దుతూ దిద్దుతూ, “మా ఆయన తాగుడు ఎప్పుడు మానతాడు పంతులమ్మా?” అని అడిగింది. పంతులమ్మ ప్రాణంతో ఉన్న ఆల్చిప్ప తెచ్చి ముందు పెట్టింది. గంగాభవాని గోళ్లు విరగదీసుకుంది, పళ్లతో కూడా పట్టింది. అది తెరుచుకోలేదు. ఉప్పునీళ్ల గిన్నెలో వేసి పక్కన పెడితే, పొద్దువాలేలోగా దానంతటదే నోరు తెరిచింది. “అయితే మా ఆయన్ని ఉప్పునీళ్లలో ముంచమంటారా?” అంది గంగాభవాని. సావిడి సావిడంతా దద్దరిల్లింది. ఆసారి మాత్రం పంతులమ్మ కూడా నవ్వింది.

నాంచారమ్మకూ ఒక అలవాటుంది. చాప మీంచి ఏది తీసినా, గుల్ల గానీ రాయి గానీ, మోకాలి మీద రెండుసార్లు తాటించి, ఒకసారి ‘ఫూ’ అని ఊది, చెవి దగ్గర పెట్టుకునేది. ఆ తర్వాతే కళ్లతో చూసేది. తను అలా చేస్తున్నట్టు ఆమెకే తెలియదు. పక్కవాళ్లు, “ఏమే నాంచారూ, తలుపు కొట్టావు గదా, లోపల్నించి ఎవరన్నా పలికారా?” అని ఆటపట్టించేవాళ్లు. “చాల్లెండే, దుమ్ము దులిపాను” అనేది నాంచారమ్మ. పంతులమ్మ కళ్లజోడు మీదుగా చూసి ఊరుకునేది.

ఇలా ఉండగా ఒకనాడు రేవు పడవలోంచి ఒక పరాయి మనిషి దిగింది. భారీ మనిషి, నల్లని మొహం, ముక్కుకు రెండు వైపులా పుడకలు, చీర కట్టే వేరు, మాట యాసే వేరు. పేరు గురమ్మ. సిక్కోలు దాటి ఎక్కడో ఉత్తరపు తీరం నుంచి వచ్చానంది. వచ్చిన పని ఊరి పెద్దల ముందు చెప్పింది.

“నానేటీ ఆశపడి రానేదు బాబూ. మాయమ్మ సచ్చిపోతా సెప్పినాది, ‘నువ్వు మా కడుపున పుట్టనేదే అమ్మా. ఉప్పెనైన మర్నాడు కిష్టమ్మ మొగకాడ పలక మీద తేలతా దొరికినావు. ఊరే నేదు, నీకెవులు మిగిలుంటారనీసి మా పడవలో ఎత్తుకుపోనాం’ అని. ఆ మాట ఇన్నాక నాకు నిద్దర పడతాదా? నానెవుల్దాన్నో సెప్పండి. సెప్పేస్తే ఎలిపోతాను.”

ఆ మాట నాంచారమ్మ చెవిన పడింది. ఆ ఉప్పెనలో ఆమె చెల్లెలు లంకమ్మ కొట్టుకుపోయింది. అప్పటికి నాంచారమ్మ పరికిణీ పిల్ల. చెల్లెలు ఇంకా పాలపళ్లది. తల్లి ఒక చేత్తో పెద్దదాన్ని, ఒక చేత్తో చిన్నదాన్ని పట్టుకుని తుమ్మచెట్టెక్కబోతే, నీళ్లు చిన్న చేతిని ఊడదీసుకుని పోయాయి. తల్లి ఇప్పటికీ బతికే ఉంది. చూపు పోయింది. గుమ్మం లోపల నులకమంచం మీద కూర్చుని, చిన్నదాన్ని పట్టుకున్న ఆ చెయ్యి ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని ఉంటుంది.

అడ్డం వచ్చినవాడు మేనమామ వీరరాఘవులు. చెడ్డవాడు కాదు. ఉప్పెన తర్వాత మేనకోడలి కోసం శవాలన్నిటినీ తిరగేసి చూసిన మనిషి. ఊరికి పెద్ద. అతనికి ఒక దెబ్బ తగిలి ఉంది. కొన్నేళ్ల కిందట ఇలాగే ఒకతె ‘నేనే లంకమ్మను’ అంటూ వచ్చింది. సీతారావమ్మ ఆమెను పొదువుకుని అన్నం కలిపి పెట్టింది. వర్షాలు వెళ్లేలోగా ఆమె చెప్పాపెట్టకుండా పోయింది. దాంతో సీతారావమ్మ మూలుగుతూ మంచం పట్టి, చావు తప్పి కన్ను లొట్టపోయినట్టే అయింది.

“ఇంకోసారి ఆ దెబ్బ తింటే మా అక్క బతకదు,” అన్నాడు వీరరాఘవులు. “ఈవిడ మొహంలో మా వాళ్ల పోలిక గోరంత కూడా లేదు. రేపు మధ్యాహ్నం పడవ దాకా ఉండనిస్తాను. ఈలోగా ఇది మన పిల్లే అనడానికి ఒక్క గుర్తు చూపించండి, నేనే చెయ్యి పట్టుకుని అక్క దగ్గరకు తీసుకెళ్తాను. లేదూ, పడవెక్కించేస్తాను. అప్పటిదాకా మా అక్క గుమ్మం దాటి లోపలికి పోకూడదు.”

“హైదరాబాదులో రక్తం చూసి చెప్తారంట మావయ్యా,” అంది నాంచారమ్మ.

“చెప్పేదాకా ఈమెను ఎక్కడ దాస్తావు? ఈ ఊళ్లో ఎవరన్నా తుమ్మితే మీ అమ్మకు వినపడుతుంది.”

నాంచారమ్మకు తోచింది ఒక్కటే. గురమ్మను పక్కకు పిలిచి పాట ఎత్తుకుంది. “గుల్లా గుల్లా గులకరాయీ...” గురమ్మ మొహం వెలిగింది. గొంతు కలిపింది. నీళ్లకవతల నిమ్మతోట దాకా ఇద్దరూ ఒక్క గొంతై వెళ్లారు. అక్కడ నాంచారమ్మ ఆగింది. గురమ్మ ఆగకుండా, “నిమ్మతోటలో నక్కల కూత!” అని ముగించింది.

వీరరాఘవులు తల అడ్డంగా ఊపాడు. “మూడు చరణాలు ఊరూరా వచ్చు. నాలుగోది ఉత్తరాది వాళ్లది. మా అక్క పాటలో నక్కలు లేవమ్మాయ్. ఏముందో నాకూ గుర్తులేదు గానీ, నక్కలు మాత్రం లేవు.”

ఇక నాంచారమ్మ పరుగున సావిట్లోకి వచ్చి పడింది. పలకా బలపం ముట్టలేదు. “పంతులమ్మా! రూపం మారిపోయాక, మాట మారిపోయాక, పాట కూడా మారిపోయాక, ఇది మనదని ఎట్టా తెలుస్తుంది?” అని అడిగి ఏడ్చింది. సావిట్లో వాళ్లంతా చేతులాపి చూశారు.

వింధ్యావళి గారు సంగతంతా విన్నది. ఓదార్చలేదు. లేచి, సావిడి వెనక పోటునీళ్లలో నానుతున్న పాత నావ దగ్గరకు నడిచింది. దాని అడుగు పలకను చూపించి, “గొడ్డలితో చీల్చు” అంది. నాంచారమ్మ కొంగు బిగించి రెండు దెబ్బలు వేసింది. పలక పుచ్చకాయలా విడింది. లోపలంతా తూట్లు. ఆ తూట్లలో, పల్లెకారులు పొద్దున లేస్తే తిట్టుకునే పడవ పురుగు, తెల్లగా, మెత్తగా, చెయ్యంత పొడుగున వేలాడింది. అదే పలకకు బయటి పక్క, కాళ్లు కోసే తెల్ల బొడిపె గుల్లలు గట్టిగా అంటుకుని ఉన్నాయి.

“ఈ రెంటిలో మన గుల్లల అలమరలోకి చేరేదేది?” అంది పంతులమ్మ.

“ఇది కూడా అడగాలా?” అంటూ నాంచారమ్మ బొడిపె గుల్లను ఊడదీసి, మోకాలి మీద తాటించి, ఊది, చెవి దగ్గర పెట్టుకుని, గుల్లల బుట్టలో వేసింది. పురుగును పుల్లతో దూరంగా నెట్టింది. “దీని మొహం చూస్తే పాపం. మా నాన్న నావను పొట్టన పెట్టుకుంది.”

పంతులమ్మ ఆ పురుగును అరచేతిలోకి ఎత్తుకుంది. ఆడవాళ్లందరూ ముక్కులు మూసుకున్నారు. సావిట్లోకి తెచ్చి, భూతద్దం కింద దాని తల పెట్టి చూడమంది. తల దగ్గర రెండు చిన్న చిప్పలు, సెనగబద్దలంత, ఆల్చిప్ప చిప్పల్లా జతగా ఉన్నాయి. చెక్కను తొలిచేది ఆ చిప్పలతోనే. ఆ తర్వాత ఆవిడ తన పాత సూక్ష్మదర్శిని తీసి, దాని కడుపులో దాచుకున్న పిల్లల్ని ఒక నీటిచుక్కలో పెట్టి చూపింది. ఒక్కొక్క పిల్లా రెండు తలుపుల డబ్బీలా, అచ్చం ఆల్చిప్ప పిల్లే. తలుపులు తెరిచి, మూసి, నీళ్లలో చక్కర్లు కొడుతోంది. “పురుగంటారేమే దీన్ని! ఇది ఆల్చిప్పకు చెల్లెలు,” అంది పంతులమ్మ. “చెక్కలో కాపురానికొచ్చి ఇలా సాగింది. ఎవరొచ్చి చెక్కలో ఉన్నా అలాగే సాగాలి.”

అప్పుడు బొడిపె గుల్ల పిల్లను పెట్టింది. ఆ పక్కనే రొయ్యపిల్లను పెట్టింది. రెంటికీ ఒంటి కన్ను, తెడ్ల లాంటి కాళ్లు. ఏది ఎవరో పోల్చలేకపోయారు. అంటే గుల్ల కట్టుకుని కూర్చున్నది గుల్లల వంశమే కాదు, రొయ్యల వంశం. పిల్లలప్పుడు ఈదింది, పెద్దయ్యాక బండకు తల అతికించుకుని చుట్టూ గోడ కట్టుకుంది. “వెనకటి పండితులు కూడా చాలాకాలం దీన్ని గుల్లల్లోనే కలిపి రాశారు,” అంది పంతులమ్మ. “గోడ చూసి గోత్రం చెప్పారు.”

నాంచారమ్మ మళ్లీ అద్దం మీదికి వంగింది. తను ఏ పలక మీద పుట్టి పెరిగిందో ఆ పలక లోపల ఇంత జరుగుతోందా! కాసేపు అద్దంలోంచి కన్ను తియ్యలేదు. తీసేసరికి మళ్లీ కళ్లలో నీళ్లు. “పిల్లప్పుడు చూస్తే తెలుస్తుందంటారు. మా చెల్లెలి పిల్లతనాన్ని నేనెక్కడ చూడను పంతులమ్మా? దాన్ని సముద్రం పట్టుకుపోయె.”

పంతులమ్మ లేచి అలమర దగ్గరకు వెళ్లింది. పైఅరలోంచి చిన్న పెంకుముక్క ఒకటి తీసి చాప మీద పెట్టింది. చేపపొలుసంత పెంకు. “గుల్ల లేని నత్తలుంటాయి చూశారూ, వానాకాలం గోడల మీద పాకేవి? వాటిలో కొన్ని జాతులకు వీపు తోలు కింద ఈ ముక్క ఉంటుంది. వాటి పూర్వీకులు గుల్ల మోశారు. ఇవి వదిలేశాయి. ఇంత ముక్క మాత్రం వదలడం మరిచిపోయాయి.”

“దానికిది ఎందుకు?” అంది గంగాభవాని.

“ఒళ్లు దాచుకోవడానికా అంటే చాలదు. ఇల్లు కట్టుకోవడానికా అంటే అంతకన్నా చాలదు.”

నాంచారమ్మ పెంకుముక్కను చాప మీంచి తీసింది. మోకాలి మీద రెండుసార్లు తాటించింది. ఊదింది. చెవి దగ్గర పెట్టుకుంది.

“అదుగో!” అంది పంతులమ్మ. “ఇప్పుడేం చేశావు?”

“ఏం చేశాను?”

“మళ్లీ తలుపు కొట్టావు!” అని సావిడంతా నవ్వింది.

పంతులమ్మ నవ్వలేదు. “అవసరం నేర్పిన పని ఎవరికైనా వస్తుంది నాంచారూ. పనికిరానిది ఇంట్లోంచే రావాలి,” అంది. తర్వాత బుట్ట సర్దుకుంటూ, ఎవరికో చెప్తున్నట్టు, “అడగొద్దు. చూపించొద్దు. చూడు,” అని లోపలికి వెళ్లిపోయింది.

నాంచారమ్మ ఉన్నచోటే ఉండిపోయింది. చెవి దగ్గర పెంకుముక్క అలాగే ఉంది. అక్కడ సముద్రం మోత వినపడలేదు గానీ, ఎప్పుడో విన్న నవ్వు ఒకటి వినపడింది. అమ్మ నవ్వు. కొత్తగా పెళ్లయిన రోజుల్లో అమ్మ ఒడ్డున గుల్ల ఒకటి ఏరబోతే, అందులో కాపురమున్న పీత ఆమె వేలు పట్టుకుందట. అప్పటినుంచీ నేలమీంచి ఏది తీసినా, మోకాలి మీద తాటించి, ‘ఇంట్లో ఎవరమ్మా?’ అన్నట్టు ఊది, చెవి పెట్టి, జవాబు లేకపోతేనే ఒళ్లో వేసుకునేది. గుల్లకు సరే, గులకరాయికీ అంతే, చింతగింజకీ అంతే. అమ్మలక్కలు, “రాయిలో ఎవరుంటారే పిచ్చిదానా?” అంటే పకపకా నవ్వేది. పీత కరిచింది అమ్మను. అలవాటు మిగిలింది కూతురికి. మరి ఒక్క కూతురికేనా?

మర్నాడు పొద్దెక్కింది. రేవు వైపు నుంచి పడవవాడి కేక ఇంకా రాలేదు. సీతారావమ్మ ఇంటి ముందు పందిరి కింద వీరరాఘవులు, మరో ఇద్దరు పెద్దలు కూర్చున్నారు. పోయే ముందు ఆ ఇంటినైనా ఒకసారి చూస్తానని బతిమాలి వచ్చిన గురమ్మ, గుమ్మం దాటకూడదన్న మాట ప్రకారం పందిరి గుంజకు ఆనుకుని, మూట పక్కన పెట్టుకుని ఉంది. ఆ ముందు ఇసకలో ఇరుగుపొరుగు ఆడపిల్లలు రాళ్లాట ఆడుతున్నారు. అలా ఆడమని నాంచారమ్మ చెప్పలేదు. వాళ్లు రోజూ ఆడేదే. ఆమె చేసిన పనల్లా, తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చోవడం. చేతులు బయట ఉంటే ఎక్కడ ఏది తీసి తాటిస్తాయోనని భయం.

“పెద్దమ్మా, నీకొచ్చా ఈ ఆట?” అంది ఒక పిల్ల గురమ్మతో.

“రాకేటి! మీ ఊరోళ్లకేనేటి సేతులున్నాయి?” అంది గురమ్మ, ఏడుపు మొహంతోనే నవ్వి.

పిల్ల రాళ్లన్నీ ఆమె దోసిట్లో పోసింది. గురమ్మ ఎగరేసింది, పట్టింది. ఒకట్లయ్యాయి, రెళ్లయ్యాయి. చెయ్యి చులాగ్గా ఆడుతోంది. తాటించడం లేదు, ఊదడం లేదు. నాంచారమ్మ గుండె కొంచెం కొంచెంగా కిందికి దిగింది. దూరంగా పడవవాడు కేకేశాడు. వీరరాఘవులు మోకాళ్ల మీద చేతులాన్చి లేచాడు. “ఇంక పద తల్లీ. నీ మీద నాకు కోపం లేదు,” అన్నాడు. నిజంగానే అతని గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

“ఉండు బాబూ, ఆట మద్దెలో ఆపకూడదు,” అని గురమ్మ రాళ్లన్నీ ఒక్కసారి పైకెగరేసి చెయ్యి తిప్పింది. తిప్పిన చేతి వెనక అన్నీ నిలిచాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ జారి, ఇసకలో దొర్లి, గుమ్మం దగ్గర ఆగింది. గురమ్మ ముందుకు వంగి ఆ రాయిని తీసింది.

మోకాలి మీద ఒకటి. మోకాలి మీద రెండు. ‘ఫూ’. ఆ గులకరాయిని చెవి దగ్గర పెట్టుకుని, తల కాస్త పక్కకు వంచి, ఒక్క క్షణం విన్నది.

పిల్లలు గొల్లుమన్నారు. “రాయిలో ఎవరున్నారు పెద్దమ్మా? తలుపు తీస్తారా?”

“ఏటో! సిన్నప్పటి కాడ్నించీ ఇదో పిచ్చి,” అంది గురమ్మ సిగ్గుపడి. “మాయమ్మ కూడా తిట్టీసీది, ఎక్కడ నేర్సినావే ఇది అనీసి. అక్కడెవులూ సెయ్యరు.”

వీరరాఘవులు అడుగు వేయబోయినవాడు వేయలేదు. తన అక్క చేతిని అతను చిన్నప్పటినుంచీ చూసినవాడే. నాంచారమ్మ తొడల కింద చేతులు తియ్యలేదు. తియ్యడం మరిచిపోయింది.

అప్పుడు ఇంట్లోంచి గొంతు వచ్చింది. ఎన్నో ఏళ్లుగా గొణుగుడు తప్ప మరేం పలకని గొంతు, ఒకప్పుడు నావను ఒడ్డుకు లాగేటప్పుడు ఊరంతా వినేలా అరిచిన గొంతు:

“ఎవరే అది? రాయి ఊదిందెవరే? నాంచారూ, నువ్వు కాదు. నీ ఊదు నాకు తెలుసు. ఎవరే?”

నులకమంచం కిర్రుమంది. సీతారావమ్మ గోడ పట్టుకుని, గుమ్మం పట్టుకుని వచ్చేసింది. ఒళ్లో వెల్లకిలా ఉండే ఆ చెయ్యి ముందుకు చాపి ఉంది. “లంకీ!” అంది. అడగలేదు, పిలిచింది. గురమ్మకు ఆ పేరు తెలియదు. ఎవరూ ఆమెకు చెప్పలేదు. అయినా లేచి, గుమ్మం దాటకూడదన్న సంగతి మరిచి, రాయి ఉన్న చేతిని ఆ చేతిలో పెట్టింది. తల్లి ఆ చేతినీ, ఆ రాయినీ తడిమింది. రాయిని తీసి, మోకాలు వంగదు గనక గుమ్మానికి రెండుసార్లు తాటించింది. ఊదింది. చెవి దగ్గర పెట్టుకుంది. మొహమంతా విప్పారింది.

“ఉన్నారే!” అంది. “ఇన్నాళ్లకు ఉన్నారు లోపల!”

ఆపైన ఆ వాకిట్లో ఎవరు నవ్వారో ఎవరు ఏడ్చారో చెప్పడం కష్టం. వీరరాఘవులు మేనకోడలి మూట తనే మోసుకుని గుమ్మంలోకి తెచ్చి పెట్టి, రేవు దాకా పరిగెత్తి, “పడవ పోనీయండ్రా! మా పిల్ల ఎక్కడికీ రాదు!” అని కేకేశాడు. ఆ కేకకు వలల దగ్గరున్నవాళ్లూ, కునుకు తీస్తున్నవాళ్లూ లేచి వచ్చారు. నావల మీద బాదిన డప్పులు ఏటి అవతలి గట్టుకు వినిపించాయట. సీతారావమ్మ ఇద్దరు కూతుళ్లనూ చెరో పక్క కూర్చోబెట్టుకుని ఆ సందడిలోనే పాట ఎత్తింది. గొంతు వణికింది గాని, చరణం వణకలేదు:

నీళ్లకవతల నిమ్మతోట,
నిమ్మతోటలో నీకో పీట.

పీట! నాంచారమ్మకు ముల్లు దిగిపోయింది.

సాయంత్రం ఆమె సావిడికి పరుగెత్తి కథంతా ఒగర్చుకుంటూ చెబితే, పంతులమ్మ కళ్లు తుడుచుకుని, ఆ వెంటనే, “ఒక్క గుర్తుతో అర మార్చకూడదు. రక్తం కూడా చూపిద్దాం. రెండు వేరు వేరు దారులు ఒకే గుమ్మానికి చేరాలి,” అంది. గుల్లల సంగతీ అంతేనట. పెద్దల రూపం ఒకటి చెబుతుంది, పిల్లల రూపం ఒకటి, కణాల్లోని దారం ఒకటి. అన్నీ కలిసి ఒకే మాట చెప్పేదాకా శాస్త్రం తెలిసినవాళ్లు చీటీ మీద జిగురు రాయరట. ఆ రక్తపరీక్ష కూడా సీతారావమ్మ మాట పొల్లుపోనివ్వలేదు. కాగితం వచ్చినప్పుడు వీరరాఘవులు, “మా అక్క చెవి కంటే హైదరాబాదు దూరం గనక ఆలస్యమైంది, అంతే,” అన్నాడు.

ఊరందరికీ భోజనాలు పెట్టిన రోజు సీతారావమ్మ తన పక్కన ఒక విస్తరి ఎక్కువ వేయించింది. ఎవరికని అడిగితే, ఉత్తరాన చనిపోయిన ఆ తల్లికి, అంది. “తడి పలక మీంచి నా బిడ్డను ఎత్తుకుంది. కడుపు చూసింది. ఆమెకు ముందు పెట్టండి.” గురమ్మ ఆ విస్తరి ముందు చాలాసేపు కూర్చుంది. తర్వాత ఆమె పిల్లలు ఉత్తరం నుంచి వచ్చారు, ఈ పిల్లలు అక్కడికి వెళ్లారు. రెండు ఊళ్ల పాట కలిసి, ఇప్పుడు కొత్తమొగ ఆడపిల్లలు పీట తర్వాత నక్కలు కూడా కూయిస్తున్నారు.

వింధ్యావళి గారు మాత్రం ఆ చలికాలం గుండె నొప్పికి వైద్యం కోసం బెజవాడ బయల్దేరింది. అలమర తాళాలు నాంచారమ్మ చేతికిచ్చింది. నాంచారమ్మ ఆ ఉదయమే అరలన్నీ తుడిచి, చీటీలన్నీ సరిచూసి, పడవ పురుగు చిప్పలను ఆల్చిప్పల పక్కన కొలువు దీర్చి వచ్చింది. గుల్లల బుట్ట అడుగున ఒక్క తెల్ల బొడిపె మిగిలిపోయి ఉంది. పడవ కదలబోతుండగా ఆమె దాన్ని పైకెత్తి చూపించి, “పంతులమ్మా! ఇది మనవాళ్లది కాదుగా. విసిరేసేదా?” అని అరిచింది.

పంతులమ్మ తిరిగి ఆ ఊరు రాలేదు. పడవ అంచు పట్టుకుని, గాలికి కొంగు తల మీదికి లాక్కుంటూ, నవ్వుతూ ఆవిడ నాంచారమ్మతో అన్న ఆఖరి మాట ఇది:

“విసిరెయ్యకే! రొయ్యలింట్లో దానికోసం ఎవరో ఎదురుచూస్తుంటారు.”